ఎండని ఏడో చేప

ఏడుగురు రాజకొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారంటే ఏ పిల్లా పేచీ పెట్టదు. వేటకు పోతే లేడో దుప్పో రావాలి గాని చేపలేమిటని అడగదు. రాజుగారి కోటలో అంతమంది నౌకర్లుండగా కొడుకులే చేపలెండబెట్టుకోవడం ఏమిటనీ అడగదు. చెప్పేవాళ్ళ గొంతులో తడబాటు లేకపోతే చాలు, వినేవాళ్ళకు అనుమానం రాదు. తెలుగునాట గోరుముద్దలతో పాటు పిల్లలకు అందే ఈ ఏడు చేపల కథ మీద కట్టినవాళ్ళ పేరు లేదు. తరతరాల అమ్మమ్మలు, నాయనమ్మలు నోటితోనే చెక్కి నోటితోనే నునుపు చేసిన పని ఇది. పిల్లల కథకు ఉండాల్సిన లక్షణాలేమిటని కొత్తగా రాసేవాళ్ళు అడిగితే నేను ముందు దీన్నే చూపిస్తాను. అందరికీ నోటికొచ్చిన కథ కావడం వల్లే దీని పనితనాన్ని ఆగి చూసేవాళ్ళు తక్కువ.

ఒకసారి గుర్తు చేసుకుందాం. ఎండలో వేసిన ఏడు చేపల్లో ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. కారణం చేపనే అడిగారు. గడ్డిమేటు అడ్డొచ్చిందని అది చెప్పింది. మేటునడిగితే ఆవు మీదికి, ఆవునడిగితే కాపరి మీదికి, కాపరినడిగితే అన్నం పెట్టని అవ్వ మీదికి మాట వెళ్ళింది. అవ్వేమో ఏడుస్తున్న పసివాణ్ణి చూపించింది. పసివాడు తనను కుట్టిన చీమను చూపించాడు. చీమ మాత్రం ఎవరినీ చూపించలేదు. తన పుట్టలో, అదీ బంగారు పుట్టలో, వేలు పెట్టినవాణ్ణి కుట్టడం తన హక్కన్నట్టు ఎదురు ప్రశ్న వేసింది. అంతే కథ. నిదానంగా చెప్పినా రెండు నిమిషాలు పట్టదు.

ఇందులో అబద్ధమంతా మొదట్లోనే అయిపోతుంది. వేటలో చేపలు దొరకడం, చేపా గడ్డీ మాట్లాడటం, ఈ రెంటినీ ఒప్పుకుంటే ఇక అక్కణ్ణుంచి ఒక్క మెట్టూ తప్పు కాదు. మేటు అడ్డంగా ఉంటే నీడ పడుతుంది, నీడ పడిన చేప ఎండదు. ఆవు మేస్తే మేటు తరుగుతుంది. కాపరి తాడు విప్పితేనే ఆవు మేతకొస్తుంది. కడుపులో నాలుగు ముద్దలు పడనిదే కాపరి కదలడు. చంటివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే వంటింట్లో పని సాగదు. ఈ ఆఖరుది ఇవాళ పొద్దున కూడా ఎన్నో ఇళ్ళలో జరిగే ఉంటుంది. పిల్లల కథలో ఊహకు హద్దుల్లేవని మనం తేలిగ్గా అనేస్తాం గాని, మొదట ఎంత స్వేచ్ఛ తీసుకుంటే తర్వాత అంత కట్టుబడి ఉండాలి. ఎగిరే తివాచీ ఉందంటే పిల్లలు నమ్ముతారు. మూడో పేజీలో ఏట్లో కొట్టుకుపోతున్న కుర్రాడికి ఆ తివాచీ గుర్తుకు రాకపోతే మాత్రం రచయితను క్షమించరు. కథను పుట్టించే వింతను వాళ్ళు ఉదారంగా ఇచ్చేస్తారు, కారణాల దగ్గరే గట్టిగా లెక్క అడుగుతారు.

లెక్క అంటే గుర్తొచ్చింది, ఏడు అనే సంఖ్య సంగతి. అయిదైతే ఒక్క చేతితో అయిపోతుంది. ఏడుకు రెండో చెయ్యి కూడా తెరవాలి, అయినా రెండు చేతులూ నిండవు. అప్పుడే లెక్కలు పట్టుబడుతున్న వయసుకు సరిగ్గా సరిపోయే సంఖ్య. ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు. తలా ఒకటి అని ఎవరూ చెప్పకుండానే పిల్లలు పంచేసుకుంటారు. అలా పంచుకున్నాక ఒకటి ఎండలేదంటే అది ఎవరిదో ఒకరిదై ఉండాలి. ఎవరిదో కథ చెప్పదు. చిన్నకొడుకుదే అయ్యుంటుందని ఇంట్లో చిన్నవాళ్ళు తీర్మానించేసుకుంటారు. తేలికపాటి పంపకంతో వినేవాళ్ళను కథలో వాటాదారులను చేయడం చిన్న నైపుణ్యం కాదు.

ఆ తర్వాతి వాక్యంలోనే లోటు పడుతుంది. పిల్లల కథల పోటీలకు వచ్చే రాతప్రతులు చదువుతుంటాను. చాలా కథల్లో ఊరి అందం, ఊరి చెరువు, ఆ ఊళ్ళో రాము అనే బుద్ధిమంతుడైన బాలుడు, వాడి తల్లిదండ్రుల కష్టాలు ఇవన్నీ అయ్యేసరికి ఒక పేజీ గడిచిపోతుంది, ఏమీ జరగదు. ఈ కథలో రాజు ఎలాంటివాడో, కోట ఎంత ఎత్తో, కొడుకుల పేర్లేమిటో ఒక్క ముక్క లేదు. వెళ్ళారు, తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. అన్నీ క్రియలే. లోటు కూడా ఎంత చిన్నది! రాకుమార్తెను రాక్షసుడు ఎత్తుకుపోలేదు, రాజ్యం కూలలేదు. ఆరింటికి జరిగింది ఏడోదానికి జరగలేదు, అంతే. అందరికీ వచ్చి తనకు రాకపోవడం పిల్లలకు బాగా తెలిసిన బాధ. అలాంటి తేడా కంటబడితే ఊరుకోలేని వయసు అది. ఎందుకు అన్న ప్రశ్న వాళ్ళ నోట్లోంచి రాబోయే క్షణానికే కథ కూడా అదే అడుగుతుంది.

ఇక గొలుసు దగ్గరికి వద్దాం. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునే పని అదే. పద్యంలో ఒక పాదం ఏ మాటతో ముగిసిందో ఆ మాటతోనే తర్వాతి పాదాన్ని ఎత్తుకుంటే మన ఆలంకారికులు దాన్ని ముక్తపదగ్రస్తం అన్నారు. విడిచిన పదాన్నే మళ్ళీ అందుకోవడం. ఏడు చేపల కథ ఆ అలంకారాన్ని పాత్రలతో నడుపుతుంది. ప్రతి జవాబూ తన వెంట ఒక కొత్త పేరును తెస్తుంది, ఆ పేరును సంబోధించడంతో తర్వాతి ప్రశ్న మొదలవుతుంది. జవాబు తోక పట్టుకుంటే చాలు, తర్వాత ఏమడగాలో దానంతటదే వస్తుంది. అందుకే మూడేళ్ళ పిల్ల నాలుగోసారి వినేసరికి తానే చెప్పగలుగుతుంది. బట్టీ పట్టినట్టు ఉండదు, కనుక్కున్నట్టు ఉంటుంది.

ఇలాంటి కథలు లోకంలో చాలా ఉన్నాయి. ఆర్నె, థాంప్సన్, ఊథర్ పేర్లతో చలామణీలో ఉన్న జానపద కథల సూచిక 2000 నుంచి 2399 దాకా సంఖ్యలను సూత్రబద్ధమైన ఇలాంటి కథలకే కేటాయించింది. ఇంగ్లీషు పిల్లలు పాడుకునే జాక్ ఇంటి పాటలో ప్రతి మెట్టు దగ్గరా వెనకటి మెట్లన్నీ మొదటినుంచీ అప్పజెప్పాలి. గొలుసు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, నాలుక తిరగడమే అక్కడ ఆట. మన కథ వెనక్కి చూడదు. ఒక మెట్టు దిగాక పై మెట్టును వదిలేస్తుంది. మోయాల్సింది ఎప్పుడూ ఒక్క పేరే. నిద్ర కళ్ళతో వినే పిల్లకీ, పొద్దంతా చాకిరీ చేసి అలసిన అవ్వకీ ఇద్దరికీ సరిపడేంత తేలిక.

మధ్య మెట్ల దగ్గర క్రియలను ఒకసారి చెవితో పట్టి చూడండి. ఆవు మేయలేదు, కాపరి మేపలేదు. ఒక్క అక్షరం మారింది, పని చేసేవాళ్ళు మారిపోయారు. వ్యాకరణంలో ప్రేరణార్థకమని పెద్దయ్యాక చదువుకునేదాన్ని పిల్లలు ఇక్కడ ఆటలో పట్టేస్తారు. దాని వెంటనే అవ్వ అన్నం పెట్టకపోవడం. మేయకపోవడం, మేపకపోవడం, పెట్టకపోవడం, వరసగా మూడూ జరగని పనులే. కథ ఒకే ఊపులో తూగుతున్నట్టుంటుంది. ఇక తర్వాతిదీ లేదు అనే మాటతోనే ముగుస్తుందని చెవి అలవాటు పడిన చోట పసివాడు ఏడుస్తాడు. చీమ కుడుతుంది. జరగని పనుల మూలంలో జరిగిన పనొకటి ఉందని అప్పుడు తెలుస్తుంది. ఊ కొడుతున్న పిల్ల సరిగ్గా అక్కడే ఊ కొట్టడం ఆపి మొహంలోకి చూస్తుంది. కావాలంటే ఈసారి చెప్పేటప్పుడు గమనించండి.

గొలుసు ఎటు పోతోందో కూడా చూడాలి. అడవికి వెళ్ళిన రాజకొడుకులతో మొదలైంది. తర్వాత చేపలెండే ఆరుబయలు, గడ్డిమేటు ఉన్న దొడ్డి, ఆవు, దాని కాపరి, ఇంట్లో అవ్వ, అవ్వ పక్కన చంటివాడు, చంటివాడి వేలు, వేలి కొసన చీమ. ప్రతి ప్రశ్నకూ కథ ఇంటికి ఒక అడుగు దగ్గరవుతుంది, ఒక అంగుళం చిన్నదవుతుంది. అడుగుతున్న రాజకొడుకు పాపం ఎప్పుడు మాయమయ్యాడో కూడా తెలియదు. రెండో ప్రశ్నకే అడిగే గొంతు ఒక్కటే మిగులుతుంది, ఆ గొంతు వినే పిల్లదైపోతుంది. రాజకొడుకన్నాక మొలన కత్తి ఉండే ఉంటుంది. ఈ కథలో అది ఒరలోంచి రాదు. మేటును తగలబెట్టించలేదు, కాపరిని కొట్టించలేదు. చేప మొదలు చీమ దాకా అందరినీ పేరు పెట్టి పిలిచి, అడిగి, జవాబు విన్నాడు. అధికారం ఉన్నవాడు అడగడం తప్ప ఇంకేమీ చేయని కథ మన పిల్లలు వినే మొదటి కథల్లో ఒకటి కావడం నాకెంతో ఇష్టం.

పసివాడి దగ్గర ఆగాలి. ఈ కథను ఎక్కువగా వినేది వాడి ఈడువాళ్ళే, వాడికంటే ఒకటి రెండేళ్ళు పెద్దవాళ్ళు. వాళ్ళలాంటివాడిని కథ తనలోకి తెచ్చుకుంది, చివరినుంచి రెండో చోట కూర్చోబెట్టింది. అంతదాకా తప్పు ఎవరెవరి మీదుగానో వచ్చింది. వాడి దగ్గరకొచ్చేసరికి జాలి పుట్టింది, పాపం చీమ కుట్టింది కదా అని. చీమే దొంగ అనుకుంటాం. అప్పుడు చీమ నోరు విప్పుతుంది. వేలు పెట్టింది ఎవరు? వాడే. రాజకొడుకుల చేప ఎండకపోవడానికి మూలం చంటివాడి చిన్నవేలు! ఈ సంగతిని కథ పైకి అనదు. చీమ కూడా వాడి పేరెత్తి నిందించదు. దెబ్బతిన్నవాడు అడిగినట్టు ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటుంది. దానికి జవాబు చెప్పాల్సింది వినే పిల్లే. తనలాంటివాడు చేసిన పనిని, తనకంటే వెయ్యిరెట్లు చిన్నదాని వైపునుంచి చూడాల్సి వస్తుంది. తిట్టూ లేదు, సుద్దీ లేదు. వేలు పెట్టడం తప్పని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు, అయినా తెలిసింది.

ఈ మొత్తం కథలో వర్ణన ఒక్కటే ఉంది, బంగారు అన్నది. రాజుకు లేదు ఆ మాట, కోటకు లేదు, రాజకొడుకుల కిరీటాలకు లేదు. ఆవు తెల్లదో ఎర్రదో చెప్పరు, అవ్వ మంచిదో గయ్యాళో చెప్పరు. మట్టి చీమల పుట్టకు మాత్రం ఉంది. అది కూడా కథ చెప్పేవాళ్ళ మాట కాదు, చీమ సొంత మాట. దాని ఇల్లు దానికి బంగారం. విశేషణాలను ఇంత పొదుపుగా దాచి, ఆఖరి వాక్యంలో, అందరికంటే చిన్నదాని నోట పలికించిన పనివాళ్ళ చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. పిల్లల కోసం రాస్తున్నామనగానే చిట్టి, బుజ్జి, ముద్దుల, రంగురంగుల అంటూ ప్రతి నామవాచకానికీ ఒక తోరణం కట్టేవాళ్ళు ఈ ఒక్క బంగారం దగ్గర కాసేపు కూర్చోవాలి.

నీతి మాటకొస్తే, మన వచనంలో కథలకూ నీతికీ పాత బంధుత్వమే. పరవస్తు చిన్నయసూరి 1853లో అచ్చువేయించిన నీతిచంద్రిక పేరులోనే నీతి ఉంది. మిత్రలాభం, మిత్రభేదం కథలను ఆయన ఎంత బిగువైన గ్రాంథికంలో నడిపాడో తెలుగు చదువుకున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అక్కడ ముందు ఒక నీతి ఉంటుంది, దాన్ని రుజువు చేయడానికి కథ వస్తుంది, ఆ కథలో ఇంకో నీతి, దానికి ఇంకో కథ. రాజకుమారులకు లోకం తీరు నేర్పడానికి పుట్టిన పంచతంత్రపు పద్ధతి అది, ఆ పనికి అది తగినదే. చిక్కల్లా ఆ పద్ధతే పిల్లల కథలన్నిటికీ ఏకైక పద్ధతని స్థిరపడిపోవడం. అచ్చులో వచ్చిన ఏడు చేపల కథల చివర కూడా, పక్కవాళ్ళ మీద నేరం వేయకూడదనో, ఎవరి పని వాళ్ళు సక్రమంగా చేయాలనో ఒక వాక్యం అతికించినవి చూశాను. అది చదవగానే చీమ ప్రశ్న చచ్చిపోతుంది. పైగా ఆ నీతి కథకు పొసగదు కూడా. కథలో ఎవరూ పక్కవాళ్ళ మీద అబద్ధపు నేరం వేయలేదు. ప్రతి ఒక్కరూ నిజమే చెప్పారు. ఒకరి పని ఇంకొకరి పని మీద ఎలా ఆనుకుని ఉందో ఆ నిజాలన్నీ కలిస్తే తెలుస్తుంది. అవ్వ ముద్ద పెట్టకపోతే ఆవు మేయదనే సంగతి పిల్లల మనసులో పడితే, ఇంట్లో పని ఎంత దూరం పాకుతుందో పెద్దయ్యాక వాళ్ళే గ్రహించుకుంటారు.

ప్రశ్నతో ముగించడంలోని బలాన్ని అచ్చు కథల్లో అందరికంటే బాగా వాడుకున్నది చందమామ. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసు నుంచి దాన్ని మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదకత్వం చూశారు. అసలు బేతాళ కథలు పాతికే. చందమామ ఆ చట్రంలో వందలకొద్దీ కొత్త కథలు వేసింది. ప్రతి నెలా కథ చివర బేతాళుడు ఒక చిక్కు ప్రశ్న వేసేవాడు. పేజీలో ఆ తర్వాత విక్రమార్కుడి జవాబు ఉండేది గాని, రెంటి మధ్య ఒక క్షణం కన్ను ఆగేది. నేనైతే ఏం చెప్పేదాన్నని లోపల ఎవరో అడిగేవారు. ఆ క్షణం కోసమే ఆ శీర్షిక అన్నాళ్ళు బతికిందని నా నమ్మకం. భుజాన శవం వేసుకుని కత్తి పట్టుకున్న రాజు బొమ్మను శంకర్ కుంచె మన కళ్ళకు ఎంత అలవాటు చేసిందంటే, ఆ మొదటి పేరా చదవకపోయినా కథ మొదలైపోయినట్టే ఉండేది. నెలనెలా అదే ఎత్తుగడ, అదే ముగింపు. ఎండని చేప దగ్గర పిల్లలు పొందే భరోసాయే పదేళ్ళ పాఠకులు అక్కడ పొందారు. దారి తెలిసినదే, ఈసారి దారిలో ఏముందో చూడాలి.

చందమామ వచనం కూడా నోటి కథకు దగ్గర చుట్టమే. చిన్న వాక్యాలు, వాడుక మాట, ఎవరు ఏం చేశారన్న దాని మీదే దృష్టి. మనిషి మంచివాడని చెప్పకుండా అతను ఏం చేశాడో చెప్పి ఊరుకోవడం. రాసేవాళ్ళకు ఇది చదివినంత తేలిక కాదు. ఏడు చేపల కథలో ఎవరికి దుఃఖం కలిగింది, ఎవరికి కోపం వచ్చింది అని ఒక్క మాటా లేదు. అవన్నీ గొంతులో ఉన్నాయి. గడ్డిమేటు గొంతు బద్ధకంగా, ఆవు గొంతు గంభీరంగా, కాపరి గొంతు ఆకలితో, అవ్వ గొంతు విసుగుతో, చంటివాడిది వెక్కిళ్ళతో, చీమది సన్నగా, పౌరుషంగా. రాత ఖాళీలుంచితేనే గొంతు వాటిని నింపగలదు. చాలామంది అమ్మమ్మలు చీమ వంతు రాగానే పిల్లల చేతిని మెత్తగా గిచ్చుతారు. ఆ గిచ్చుడుకు పిల్లలు ముందునుంచే చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళీ వాళ్ళంతట వాళ్ళే చాపుతారు.

ఒక ప్రశ్న మాత్రం మిగులుతుంది. ఇంతకీ ఆ చేప ఎండిందా? పిచ్చుక గింజ కోసం వడ్రంగినీ రాజునూ వేడుకునే కథలో గొలుసు చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరుగుతుంది, అందరూ కదులుతారు, పిచ్చుకకు గింజ దక్కుతుంది. ఈ కథ వెనక్కి తిరగదు. కారణం తెలిసింది, అంతటితో సరి. పిల్లల కథలో ముడి తప్పకుండా విప్పాలనే పాఠం ప్రకారం చూస్తే ఇది లోపమే. నాకలా అనిపించదు. ఈ కథ బయల్దేరింది చేపను ఎండబెట్టడానికి కాదు, అదెందుకు ఎండలేదో కనుక్కోవడానికి. అది కనుక్కుంది. ఎండిందా లేదా అని అడిగిన పిల్లలకు మర్నాడు ఎండిందని కొందరు చెప్తారు, పిల్లి ఎత్తుకుపోయిందని కొందరు చెప్తారు, మళ్ళీ మొదటినుంచి అందుకునేవాళ్ళూ ఉన్నారు. ఎవరేం చెప్పినా కథకు చెల్లుతుంది.

చెప్పేవాళ్ళను బట్టి మెట్లు కూడా కొద్దికొద్దిగా మారతాయి. గడ్డిమేటు ఒకచోట గడ్డివామి అవుతుంది, ఒకచోట గడ్డిమోపు అవుతుంది. కాపరిని పాలేరనేవాళ్ళున్నారు, జీతగాడనేవాళ్ళున్నారు. అవ్వకు బదులు అమ్మే వచ్చే ఇళ్ళున్నాయి. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో మనవరాలికి కథ చెప్పే అమ్మమ్మ గడ్డిమేటు దగ్గర ఆగి ఫోన్లో బొమ్మ చూపించాల్సి వస్తుంది, పశువుల కాపరి దగ్గర ఇంకో నాలుగు మాటలు చెప్పాల్సి వస్తుంది. ఎండుచేప ఎందుకన్నది కూడా చెప్పాలి. చీమ దగ్గరికొచ్చాక మాత్రం ఏ ఊళ్ళోనూ ఏమీ వివరించక్కర్లేదు.